తుఫాను హెచ్చరికను చదవడం ఎలా?

ఈ నెల కొత్త లాంగ్వేజీలూ డేటాబేసులూ పక్కనబెట్టి, మనందరికీ ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అవసరమయ్యే ఒక సంగతి చెప్పుకుందాం.

2025 అక్టోబరు 28. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా ఫ్లాట్లో కూర్చుని మొంథా తుఫాను మ్యాపు చూస్తున్నాను. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంది. ఫోన్ చేసి బడికి వెళ్ళి పడుకోమన్నాను. "కాకినాడ దగ్గర దాటుద్దని టీవీలో చెబుతున్నార్రా, మనకేం కాదు" అంది. అమ్మ 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. అప్పుడు ఆమెకి పన్నెండేళ్ళు. అలాంటి మనిషే మ్యాపులో గీత దూరంగా ఉందని ధైర్యంగా కూర్చుంది. తప్పు ఆమెది కాదు. ఆ గీతను ఎలా చదవాలో మనమెవ్వరం చెప్పలేదు.

పేర్ల వెనక అంకెలు

అల్పపీడనం బలపడి, గాలి గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. 221 దాటితే సూపర్ సైక్లోన్. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: గాలి వేగం రెట్టింపైతే, గోడ మీద అది చూపే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే 60కీ 120కీ తేడా చెట్టుకొమ్మకీ ఇంటికప్పుకీ ఉన్నంత తేడా.

కంప్యూటరు చేసే పని

వాతావరణాన్ని గళ్ళుగళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, పీడనం, ఉష్ణోగ్రత, తేమ విలువలు పెట్టి, భౌతికశాస్త్ర సమీకరణాలతో కొద్ది నిమిషాల చొప్పున ముందుకి నడపడం. మన భాషలో చెప్పాలంటే ఒక పెద్ద లూప్. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఈ లెక్కను చేత్తో చేసి, 1922లో పుస్తకంగా ప్రచురించారు. ఫలితం ఘోరంగా తప్పింది కానీ పద్ధతి నిలిచింది. 1950లో ఎనియాక్ మీద తొలి కంప్యూటర్ అంచనా నడిచింది. మన దేశంలో 1989లో ఢిల్లీకి క్రే సూపర్ కంప్యూటర్ వచ్చింది ఈ పనికోసమే.

చిక్కేమిటంటే ఇన్‌పుట్. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన ప్రోగ్రామును మధ్యలోంచి మళ్ళీ నడుపుతూ 0.506127 బదులు 0.506 టైపు చేశారు. కాసేపటికి రెండు ఫలితాలకీ పొంతన లేకుండా పోయింది. రౌండింగ్ తేడా కొంప ముంచడం మనకి కొత్త కాదు కదా! సముద్రం మీద కొలతలు తక్కువ, కాబట్టి ప్రారంభ విలువల్లో కొంత తప్పు ఎప్పుడూ ఉంటుంది.

అందుకని మోడల్‌ను ఒక్కసారి కాక, ఇన్‌పుట్ కొంచెం కొంచెం మార్చి యాభై సార్లు నడుపుతారు. అన్ని దారులూ దగ్గర దగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ. చెల్లాచెదురైతే తక్కువ.

గీత కాదు, గరాటు చూడండి

మ్యాపులో మధ్యగీత చుట్టూ గరాటులా విచ్చుకునే ప్రాంతం ఉంటుంది. తుఫాను కేంద్రం అందులో ఎక్కడైనా ఉండవచ్చు. ఆ గరాటు తుఫాను సైజు కూడా కాదు. గాలీ వానా దాని బయటకి కూడా వస్తాయి. ఒకరోజు ముందు చెప్పే అంచనాలో కొన్ని పదుల కిలోమీటర్ల తేడా రావడం మామూలే. మొంథా కాకినాడ పరిసరాల్లో దాటవచ్చన్నారు. చివరికి ఆ రాత్రి కాకినాడకి దక్షిణంగా, నరసాపురం దగ్గర దాటింది. అంటే అమ్మ అనుకున్నదానికంటే మా ఊరికి దగ్గరగా!

ఉప్పెన ఎటువైపు?

మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. తుఫాను నడిచే దిక్కుకి ముఖం పెట్టి నిలబడ్డారనుకోండి. మన కోస్తాలో కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని ఒడ్డుకి తోస్తుంది. ఎడమ వైపు ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది.

1977 నవంబరు 19న తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ దానికి కుడివైపు పడింది. లోతు తక్కువ సముద్రం, పల్లపు భూమి తోడయ్యాయి. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చాయి. పదివేలకు పైగా మనుషులు పోయారు. తీరం దాటే ఊరి పేరు మాత్రమే విని, తమ ఊరు ఏ వైపుందో చూసుకోకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఏ తీరంలో ఎన్ని మీటర్ల ఉప్పెన రావచ్చో లెక్కగట్టి చెబుతోంది. బులెటిన్‌లో వెతకవలసిన అంకె అదే.

అంకె ఒకటే, ప్రమాదం వేరు

2018 అక్టోబరు 20న దోహాలో అబూ హమూర్ కేంద్రంలో 84 మిల్లీమీటర్ల వాన నమోదైంది. కోనసీమలో అయితే ముసురు పట్టిందంటారు, అంతే. ఇక్కడ ఏడాది మొత్తం కురిసేదే దాదాపు అంత! రోడ్లు చెరువులయ్యాయి, మా బిల్డింగు కింది పార్కింగులో కార్లు మునిగాయి. ప్రమాదం వానలోనే కాదు, ఆ వానకి ఊరు ఎంత సిద్ధంగా ఉందన్నదాంట్లో కూడా ఉంటుంది.

హెచ్చరికలో మూడు ఫీల్డులు

నేడు ప్రపంచమంతా హెచ్చరికలకి కామన్ అలర్టింగ్ ప్రొటోకాల్ అనే ఎక్స్ఎంఎల్ ఫార్మాటు వాడుతోంది. మన దేశపు 'సచేత్' యాప్ కూడా దాని మీదే నడుస్తుంది. అందులో ముఖ్యమైన ఫీల్డులు మూడు: ఎంత త్వరగా, ఎంత తీవ్రంగా, ఎంత ఖాయంగా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ మూడూ మన మాటల్లో చెప్పగలిగితే చాలు. ఫోన్ చేసే ముందు ఇవి చూసుకోండి:

- మన ఊరు గరాటులో ఉందా? దాని అంచుకి ఎంత దూరం?
- తుఫాను దారికి కుడివైపా, ఎడమవైపా? దారి కాస్త జరిగితే ఏ వైపు అవుతుంది?
- ఉప్పెన ఎన్ని మీటర్లు అంటున్నారు? మన ఇల్లు ఎంత ఎత్తులో ఉంది?
- రంగు ఏమిటి? పసుపు అయితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధం కావాలి, ఎరుపు అయితే కదలాలి.
- ఎవరి ఇంటికి, ఏ బడికి వెళ్ళాలి? కరెంటు పోయే లోపే తేల్చుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక కరెంటూ ఫోన్లూ రెండూ పోయాయి. అప్పుడు మనం ఎంత తెలిసినవాళ్ళమైనా చేయగలిగేది లేదు.

ఆ రాత్రి నేను అమ్మకి గరాటూ ఎక్స్ఎంఎల్ చెప్పలేదు. "అమ్మా, తుఫాను ఇంకొంచెం కిందికి జరిగితే మనం కుడివైపు పడతాం, డెబ్భై ఏడులో మాదిరిగా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటీ మందులూ సంచిలో పెట్టుకుని బడికి వెళ్ళింది.

మా ఊళ్ళో చెట్లు కూలాయి, కరెంటు పోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. మర్నాడు "ఊరికే తిప్పావురా నన్ను" అంది. నిజమే. హెచ్చరిక విని కదిలిన ప్రతిసారీ ప్రాణం నిలబడిందని రుజువు దొరకదు. నూరుసార్లు బ్యాకప్ తీసి ఒక్కసారీ వాడకపోతే దండగ అనుకోం కదా! ఇదీ అంతే. ఈసారి తుఫాను వస్తే మీరూ ఒక ఫోన్ చేయండి, వీలైతే గాలి మొదలవక ముందే.