విందుకు తొలి పలకరింపు

పాఠ్యభాగ నేపథ్యం

ఇంటికి వచ్చిన అతిథిని ఆదరించడం అన్ని దేశాలవారూ పాటించే మర్యాద. ఆదరించే తీరు మాత్రం దేశానికొక రకంగా ఉంటుంది. ఇంగ్లాండు, అమెరికా దేశాల్లో విందు భోజనానికి ముందు అందించే ఒక అల్పాహారాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది. దాని తయారీ విధానంతో పాటు, దానిని వడ్డించేవారు పాటించవలసిన ధర్మాన్ని కూడా తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

తెలుగువారి ఇంట అతిథి అడుగు పెట్టగానే మంచినీళ్లిచ్చి కుశలం అడగడం వాడుక. పాశ్చాత్యుల విందుల్లో ఆ తొలి మర్యాదలో ఒక చిరుతిండి పళ్లానికి కూడా చోటుంది. అతిథులందరూ ఒకేసారి రారు. ముందుగా వచ్చినవారు భోజనం వేళ వరకు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. అటువంటివారికి ఒకటి రెండు కొరుకులలో ముగిసిపోయే తినుబండారాన్ని అందిస్తారు. దానినే ‘అపిటైజర్’ అంటారు. ఆకలిని మేల్కొలిపేది అని ఆ మాటకు భావం. అందుచేత అది పరిమాణంలో చిన్నదిగా, రుచిలో ఘాటుగా, చెంచా అవసరం లేకుండా వేళ్లతో తీసుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఈ లక్షణాలన్నీ ఉన్న వంటకాలలో ‘బేకన్ చుట్టిన ఖర్జూరం’ ఒకటి. బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం. చాలావరకు దానికి పొగ కూడా పట్టిస్తారు. అమెరికాలో దీనిని పంది పొట్ట భాగం నుండి తీసి, పలుచని పొడవాటి పట్టీలుగా కోసి అమ్ముతారు. ఆ పట్టీలో మాంసం, కొవ్వు పొరలు పొరలుగా కనిపిస్తాయి. శీతల యంత్రాలు లేని కాలంలో మాంసం చెడకుండా నిలువ ఉంచడానికి మానవుడు కనుగొన్న ఉపాయాలే ఉప్పు, పొగ. కాలక్రమంలో ఆ అవసరమే ఒక రుచిగా స్థిరపడింది.

ఒక పదార్థాన్ని బేకన్‌తో చుట్టి కాల్చే పద్ధతి ఇంగ్లాండులో పందొమ్మిదవ శతాబ్దం నాటికే ఉన్నది. ఆల్చిప్పలోని మాంసాన్ని బేకన్‌తో చుడితే దానికి ‘గుర్రమెక్కిన దేవదూతలు’ అని పేరు. ఎండబెట్టిన ప్లమ్ పండునో, ఖర్జూరాన్నో చుడితే ‘గుర్రమెక్కిన దెయ్యాలు’ అని పేరు. అక్కడ క్రిస్మస్ నాడు టర్కీ కోడి మాంసం పక్కన వడ్డించే చిన్న సాసేజీలకు బేకన్ చుట్టి, వాటిని ‘దుప్పటి కప్పుకున్న పందులు’ అని పిలుస్తారు. అదే పేరుతో అమెరికాలో పిండి చుట్టిన సాసేజీలను ఇస్తారు. స్పెయిన్ దేశపు ఫలహారశాలల్లో కూడా బేకన్ చుట్టిన ఖర్జూరం పరిచితమైన వంటకమే. పేర్లలోని చమత్కారం ఎలా ఉన్నా, పండునో ఆల్చిప్ప మాంసాన్నో బేకన్‌తో చుట్టే వంటకాలలోని సూత్రం ఒక్కటే. కొవ్వు ఉన్న పదార్థం కొవ్వు లేని పదార్థానికి కవచంగా నిలుస్తుంది.

ఇందులో ఖర్జూరానికి కూడా ఒక ప్రయాణ చరిత్ర ఉన్నది. ఈ వంటకానికి అనువైనది మెడ్జూల్ అనే పెద్ద రకం. దాని స్వస్థలం ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో. అక్కడి తోటలను ఒక తెగులు నాశనం చేస్తున్న కాలంలో, 1927లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు వాల్టర్ స్వింగిల్ 11 పిలకలను తన దేశానికి తరలించాడు. వాటిని మొదట నెవాడా రాష్ట్రంలో వేరుగా నాటి, తెగులు లేదని నిర్ధారించుకున్న తరువాత కాలిఫోర్నియాకు చేర్చారు. ఆ కొద్ది పిలకల సంతతే అమెరికాలోని మెడ్జూల్ తోటలకు మూలమైంది.

ఇక తయారీ విధానం. 24 ముక్కలకు 24 మెడ్జూల్ ఖర్జూరాలు, 24 బాదం గింజలు, 12 బేకన్ పట్టీలు కావాలి. తరువాత భోజనం ఉన్నప్పుడు మనిషికి మూడు లేక నాలుగు ముక్కలు సరిపోతాయి. పాకోపకరణాలు కూడా కొద్దిపాటివే. ఓవెన్, అంచులున్న ట్రే, ట్రేలో పట్టే తీగల జాలీ, కొన్ని టూత్‌పిక్‌లు ఉంటే చాలు. టూత్‌పిక్‌లను అరగంట ముందు నీటిలో నానబెట్టాలి. లేకపోతే ఓవెన్ వేడికి వాటి కొసలు మాడిపోతాయి.

ముందుగా ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసుకోవాలి. ఖర్జూరానికి నిలువుగా ఒక పక్క గాటు పెట్టి, గింజను తీసి, ఆ స్థానంలో బాదం గింజను ఉంచి మూసివేయాలి. బేకన్ పట్టీని అడ్డంగా రెండుగా కోసి, ఒక్కొక్క సగాన్ని ఒక్కొక్క ఖర్జూరం చుట్టూ బిగుతుగా చుట్టాలి. రెండు కొసలూ కలిసిన చోట టూత్‌పిక్ గుచ్చి, ఆ అతుకు కిందివైపు ఉండేలా జాలీ మీద పేర్చాలి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడంత ఎడం ఉండాలి. 20 నుండి 25 నిమిషాల పాటు కాల్చాలి. సగం సమయం గడిచాక ఒకసారి తిరగవేయాలి. బేకన్ ముదురు గోధుమరంగుకు మారి, అంచులు కరకరలాడుతున్నప్పుడు బయటకు తీయాలి. వెంటనే నోట పెట్టుకోకూడదు. ఖర్జూరంలోని తీపి గుజ్జు లోపల కాగి ఉంటుంది. కనీసం ఐదు నిమిషాలు ఆరనివ్వాలి.

ప్రతి నియమం వెనుక ఒక కారణం ఉన్నది. వేడి తగలగానే బేకన్‌లోని నీరు ఆవిరైపోతుంది, కొవ్వు కరుగుతుంది. దానితో పట్టీ కుంచించుకొని పండును మరింత గట్టిగా పట్టుకుంటుంది. కరిగిన కొవ్వులో కొంత పండును తడుపుతుంది, మిగిలినది జాలీ సందుల నుండి ట్రేలోకి జారుతుంది. జాలీ లేకపోతే ముక్క అడుగు ఆ కొవ్వులోనే నాని మెత్తబడుతుంది. ముక్కలను దగ్గర దగ్గరగా పేరిస్తే ఆవిరి చిక్కుకొని బేకన్ ఉడుకుతుందే కాని కరకరలాడదు. మాంసంలోని అమైనో ఆమ్లాలు చక్కెరలతో కలిసి వేడికి గోధుమరంగును, కొత్త సువాసనలను పుట్టిస్తాయి. ఈ చర్యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించాడు. వేడి మరీ తక్కువైతే ఈ మార్పు సరిగా జరగదు. మరీ ఎక్కువైతే పండు నుండి కారిన తీపి మాడి చేదెక్కుతుంది.

ఈ వంటకంలోని సౌలభ్యం గమనార్హం. ముక్కలను ముందురోజే చుట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. అతిథులు వచ్చే వేళకు ఓవెన్‌లో పెడితే చాలు. నూనె మూకుడు దగ్గర నిలబడి వాయి తరువాత వాయి వేయించవలసిన పని లేదు. కనుక వండినవారు కూడా వచ్చినవారితో కూర్చుని మాట్లాడగలుగుతారు. విందు ఇచ్చేవారు వంటింటికే పరిమితమైతే ఆ విందులో సగం ఆనందం లోపించినట్లే.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. పచ్చి బేకన్ తాకిన చేతులను, కత్తిని, పలకను సబ్బుతో కడగకుండా ఇతర పదార్థాలకు వాడరాదు. వండిన మాంసాహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. ట్రేలో మిగిలిన కొవ్వును తూములో పోస్తే అది గడ్డకట్టి నీటిదారిని మూసివేస్తుంది. మరొక విషయం ఆరోగ్యానికి సంబంధించినది. ఊరబెట్టడం, పొగ పట్టించడం వంటి పద్ధతులతో నిలువ చేసిన మాంసం క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో వర్గీకరించింది. కాబట్టి ఇది పండుగనాటి చిరుతిండే కాని నిత్యాహారం కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త వేరొకటి ఉన్నది. చుట్టిన వంటకం తన లోపల ఏమున్నదో బయటకు చెప్పదు. పనసాకు బుట్టలో ఉడికిన కోనసీమ పొట్టిక్కను తినేవారు ఆకును తీసివేసి లోపలిది చూసుకుంటారు. ఇక్కడ చుట్టు కూడా ఆహారమే. తినేవారు విప్పి చూడరు. ఇస్లాం, యూదు మతాలను అనుసరించేవారికి పంది మాంసం నిషిద్ధం. శాకాహారులకు ఏ మాంసమూ పనికిరాదు. బాదం పడనివారికి లోపల దాగిన ఆ ఒక్క గింజ ప్రాణాపాయం కలిగించవచ్చు. అమెరికాలో 2004లో చేసిన చట్టం ప్రకారం అలర్జీ కలిగించే ప్రధాన పదార్థాల పేర్లను ఆహారపు పొట్లాల మీద విధిగా ముద్రించాలి. ఇంటి విందులో పళ్లెం మీద అటువంటి ముద్రణ ఏదీ ఉండదు. అక్కడ ఇంటివారి మాటే ఆ చీటీ.

ఉన్నత చదువులకు అమెరికా వెళ్లిన ఒక తెలుగు విద్యార్థిని తొలిసారి అటువంటి విందుకు వెళ్లిందనుకుందాం. ఎదుటకు వచ్చిన పళ్లెంలో గోధుమరంగు ముక్కలు నిగనిగలాడుతున్నాయి. ఖర్జూరం అన్న మాట మాత్రం ఆమె చెవిన పడింది. చుట్టూ ఉన్నవారు తింటున్నారు. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఆమెది. ఆ క్షణంలో ఇంటి యజమానురాలు, “ఇవి పంది మాంసం చుట్టినవి. ఆ పక్క పళ్లెంలోనివి బాదం పెట్టిన ఖర్జూరాలు, వాటిలో మాంసం లేదు. మీకు ఏవి కావాలి?” అని అడిగితే ఆమె మనసు కుదుటపడుతుంది. అడగవలసిన భారం అతిథి మీద పడకుండా చూడడమే అసలైన మర్యాద. అడగవలసి వచ్చినప్పుడు సంకోచించకుండా అడగడం అతిథికి కూడా తప్పు కాదు.

ఆ రెండవ పళ్లెం సిద్ధం చేయడం ఎంతో సులభం. బేకన్ లేని ఖర్జూరాలను వేరొక ట్రేలో పేర్చి ఎనిమిది, పది నిమిషాలు వేడి చేసి, చిటికెడు ఉప్పు చల్లితే చాలు. కాని వాటిని బేకన్ ముక్కల పక్కన అదే ట్రేలో పెడితే, కారిన కొవ్వు వాటికి అంటుకుంటుంది. ఒకే పట్టకారుతో రెండింటినీ తీసినా ఫలితం అదే. మాంసం తినని అతిథికి అది కంటికి కనిపించని మోసం అవుతుంది. బాదం పడనివారు ఉన్నారని తెలిసినప్పుడు ఆ పూటకు బాదమును పూర్తిగా మానివేయడం మేలు.

వండే నేర్పు వంటకానికి రుచినిస్తుంది. అతిథుల ఇష్టానిష్టాలను ముందుగా తెలుసుకొని, వడ్డించేదేమిటో దాపరికం లేకుండా చెప్పే గుణం ఆ విందుకు గౌరవాన్నిస్తుంది. లోపలిది దాచడం ఈ వంటకానికి సహజం. దానిని వెల్లడించడం వడ్డించేవారి ధర్మం.

కఠిన పదాలు – అర్థాలు

అల్పాహారం : చిరుతిండి, ఫలహారం
పిలక : చెట్టు మొదట మొలిచే చిన్న మొక్క
పాకోపకరణాలు : వంటకు ఉపయోగించే సాధనాలు
కుంచించుకొను : ముడుచుకొని చిన్నదగు
గమనార్హం : గమనించదగినది
నిషిద్ధం : కూడదని చెప్పబడినది

వ్యాకరణాంశాలు

అల్పాహారం = అల్ప + ఆహారం – సవర్ణదీర్ఘ సంధి
పాకోపకరణాలు = పాక + ఉపకరణాలు – గుణసంధి
ఇష్టానిష్టాలు = ఇష్టమును, అనిష్టమును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

1. బేకన్ చుట్టిన ఖర్జూరం తయారీ విధానాన్ని, ఒక్కొక్క నియమం వెనుక ఉన్న కారణాన్ని వివరించండి.
2. ‘అక్కడ ఇంటివారి మాటే ఆ చీటీ’ – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.
3. మెడ్జూల్ ఖర్జూరం అమెరికాకు చేరిన తీరును సంగ్రహంగా రాయండి.
4. మాంసం తినని అతిథి కోసం రెండవ ట్రేను, రెండవ పట్టకారును ఎందుకు వాడాలి?
5. మీ ఇంటికి వచ్చే అతిథి ఆహార నియమాలు మీకు తెలియనప్పుడు మీరు ఏ విధంగా ప్రవర్తిస్తారు? పది వాక్యాలలో రాయండి.