మానిన పుండు, చెప్పని మాట

నాలుగేండ్ల క్రిందట రుద్రవరములో ఒక యువకుడు నా వద్దకు వచ్చినాడు. మర్మస్థానమున నీటి పొక్కులు, మంట, గజ్జలలో బిళ్ళలు. నడుము మీద అక్కి లేచినచో కుమ్మరి చేత జేగురుతో సింహపు బొమ్మ వ్రాయించుట మన పల్లెలలో వాడుక. ఇదియు అదే అనుకొని అతడు జేగురు పూసుకొని వచ్చినాడు. అక్కిది వేరొక వైరస్, ఇది హెర్పిస్. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. త్రిఫల కషాయముతో కడుగుకొమ్మన్నాను. పదునైదు దినములలో మానినది. “పోయింది పో నాయనా” అన్నాను.

ఆ మాట నా తప్పు. మొదటిసారి వచ్చిన పుండ్లు ఏ మందు లేకున్నను రెండు నుండి నాలుగు వారములలో మానును. వైరస్ మాత్రము నడుము దిగువనున్న నాడీ గ్రంథులలో దాగి జీవితాంతము ఉండును. దానిని నిర్మూలించు మందు ఆయుర్వేదములోను లేదు, అల్లోపతిలోను లేదు.

మొన్న అతడు మరల వచ్చినాడు. ఈ మధ్య రెండుమార్లు పొక్కులు లేచినవట. పెండ్లి కుదిరినది.

“సార్, పిల్లకు చెప్పాల్నా? ఇప్పుడు పుండు లేదు గదా!”

పుండు లేని దినములలో కూడ వైరస్ చర్మము నుండి వెలువడుచుండును. పలువురికి అంటునది అట్లే. నిరోధ్ ప్రమాదమును తగ్గించును గాని, అది కప్పని చర్మము మిగిలియే ఉండును.

“మాత్ర మింగి ఊరకుంటే?” అన్నాడు. తెలివైన ప్రశ్నయే. 2004లో వెలువడిన పరిశోధనలో 1484 జంటలను పరీక్షించినారు. ప్రతిదినము వాలాసైక్లోవిర్ వాడినచో 8 నెలలలో భాగస్వామికి అంటుట 3.6 శాతము నుండి 1.9 శాతమునకు తగ్గినది. తగ్గినదే గాని పోలేదు. పైగా గర్భిణికి చివరి మాసములలో తొలిసారిగా సోకినచో కాన్పులో శిశువు ప్రాణమునకే ముప్పు. భర్తకున్నదని తెలిసినగదా ఆమె డాక్టరుకు చెప్పగలుగును! అంటుకొను సుఖవ్యాధి విడాకులకు కారణమగునని 1955 నాటి హిందూ వివాహ చట్టములోనే ఉన్నది. నేను చట్టముతో బెదిరించలేదు. బిడ్డ సంగతియే చెప్పినాను.

సిగ్గుపడనక్కరలేదనియు చెప్పినాను. 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, 15 నుండి 49 ఏండ్ల వారిలో 13 శాతము మందికి రెండవ రకము హెర్పిస్ ఉన్నది. అధికులకు ఆ సంగతియే తెలియదు. పెద్దల నడుమ గాక, లగ్నపత్రిక వ్రాయకముందే, ఆ అమ్మాయితో ఒంటరిగా చెప్పుమన్నాను. ప్రభుత్వ పెద్దాసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లలో ఇరువురును సలహా పొందవచ్చును.

పుండు ఉన్నప్పుడు కలయిక కూడదు. శుభ్రమైన నీటితో కడిగి, వదులైన నూలు బట్టలు ధరించవలెను. పచ్చి పుండుపై వేప, పసుపు ముద్దలు పట్టించరాదు, మంట హెచ్చును.

వారము తరువాత అతడు వచ్చి, చెప్పినానన్నాడు. ఆమె తానును డాక్టరుతో మాట్లాడి బదులు చెప్పెదనన్నదట. లగ్నము వాయిదా పడినది.