‘లిస్ట్’ శబ్దము: వినికిడి నుండి శ్రుష్టి వరకు

నేటి ఆంగ్ల వ్యవహారమున ‘లిస్ట్’ అనగా ప్రధానముగా పట్టిక యని అర్థము. కాని 1600 ప్రాంతమున షేక్స్పియరు రచించిన ‘హామ్లెట్’ నాటకమున తండ్రి ప్రేతము కుమారునితో మాటాడుచు ఈ శబ్దమునే వాడినది. అచట దానికి ‘ఆలకింపుము’ అని యర్థము. పట్టిక యను అర్థముతో చదివినచో ఆ వాక్యము అన్వయింపదు.

రూప మొక్కటియే యైనను ఇవి భిన్నశబ్దములు. పట్టికను తెలుపునది ఫ్రెంచి నుండి వచ్చినది. దాని పూర్వార్థము అంచు, సన్నని పట్టీ. కోరుట యను అర్థము గల మరియొక ‘లిస్ట్’ ప్రాచీనాంగ్లమందలి ‘ల్యుస్తన్’ నుండి పుట్టినది. ఆలకించుటకు మూలము ‘హ్ల్యుస్తన్’. ‘హ్లాఫ్’ అనునది ‘లోఫ్’ అయినట్లే ఇందును తొలి హకారము లోపించి, ఈ రెండు క్రియలును ఏకరూపము పొందినవి. నేటికిని వాడుకలోనున్న ‘లిసన్’ కూడ ఈ కుటుంబములోనిదే. అందు వ్రాయబడియు పలుకబడని తకారము ‘లిస్ట్’ ప్రభావమున చేరినది.

లోపించిన ఆ హకారమే సంస్కృతముతోడి బంధుత్వమునకు ఆధారము. మూల ఇండో-యూరోపీయ భాషయందలి తాలవ్య కకారము సంస్కృతమున శకారముగను, జర్మానిక్ భాషలలో హకారముగను పరిణమించినది. ‘శతము’నకు ‘హండ్రెడ్’, ‘శ్వన్’ శబ్దమునకు ‘హౌండ్’ జ్ఞాతులగుట ఇందుకు నిదర్శనము. ఆ రీతినే ‘హ్ల్యుస్తన్’ క్రియకు ‘శ్రు’ ధాతువు జ్ఞాతి. వినికిడి యను అర్థము గల ప్రాచీనాంగ్ల నామము ‘హ్ల్యుస్త్’, ఋగ్వేదమందలి ‘శ్రుష్టి’ ఒకే మూలమునుండి వచ్చినవి. వినబడునది కీర్తి గనుక గ్రీకు ‘క్లెఓస్’, సంస్కృత ‘శ్రవస్సు’ రెండును కీర్తివాచకములైనవి.

అర్థసామ్యమును మాత్రమే చూచి జ్ఞాతిత్వమును నిర్ణయింపరాదు. ‘హియర్’ అనగా వినుటయే. కాని అది ‘శ్రు’ ధాతువునకు చేరక గ్రీకు ‘అకూఎయిన్’ వైపు పోవును. ‘హార్క్’ అను ప్రాచీనపదము ‘హియర్’ కుటుంబములోనిది. తెలుగు ‘విను’ ద్రావిడ శబ్దము. పై రెండింటితోను దానికి జన్యసంబంధము లేదు.

‘శ్రుష్టి’కి వినుటతోపాటు విధేయత యను అర్థమును కలదు. ‘శుశ్రూష’ మొదట వినగోరుట, పిదప సేవ. చెవిని బడుట వేరు, చెవి యొగ్గుట వేరు. కావున ప్రాచీనాంగ్ల రచనలను తెనిగించువారు ‘హియర్’ను ‘విను’ అనియు, ‘లిస్ట్’ను ‘ఆలకించు’ అనియు గ్రహించినచో మూలమందలి భేదము తెలుగునను నిలుచును.