పాఠం 17. మంచిచెడ్డల తూకం: చిన్న ట్రైలర్ కొనాలా, వద్దా?

17.1 పరిచయం

కుట్టుమిషను కొనాలన్నా, పాత మోపెడ్ తీసుకోవాలన్నా, అద్దె ఇల్లు మారాలన్నా మనం నలుగురినీ అడుగుతాం. ఒకరు "తీసుకో" అంటారు. ఇంకొకరు "వద్దు" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. చివరకు డబ్బు పెట్టేది, ఇబ్బంది పడితే పడేది మనమే. కాబట్టి ఒక వస్తువులోని గుణాలను, దోషాలను విడదీసి చూసి, మన అవసరంతో సరిపోల్చి, ఒక నిర్ణయానికి రావడం ప్రతి ఒక్కరికీ తెలియవలసిన విద్య. దీనినే గుణదోష విచారణ అంటారు.

ఈ పాఠంలో ఆ పనిని మనకు అంతగా పరిచయం లేని ఒక వస్తువుతో చేద్దాం. తెలిసిన వస్తువు మీద మనకు ముందే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. కొత్త వస్తువైతే ప్రతి విషయాన్నీ మొదటినుంచి ఆలోచించవలసి వస్తుంది. ఆ వస్తువు, అమెరికా, కెనడా దేశాలలో కారు వెనుక తగిలించుకొని ప్రయాణాలకు తీసుకువెళ్ళే చిన్న ట్రైలర్.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• చిన్న ట్రైలర్ వల్ల కలిగే సౌకర్యాలను, ఇబ్బందులను వివరించగలుగుతారు.
• ప్రకటనలో చెప్పిన అంకెకు, వాడకంలో వచ్చే అంకెకు తేడా గుర్తించగలుగుతారు.
• ఒకే వస్తువు ఒకరికి తగినది, మరొకరికి తగనిది ఎందుకవుతుందో చెప్పగలుగుతారు.
• గుణదోషాలను తెలిపే వ్యాసం రాయగలుగుతారు.

17.3 మూలపాఠం

(అ) ఏమిటీ ట్రైలర్?

మన ఊళ్ళలో ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించి ధాన్యం తోలడం మీరు చూసే ఉంటారు. ట్రక్కుకు సొంత ఇంజను ఉండదు. ట్రాక్టరు లాగితేనే అది కదులుతుంది. ప్రయాణపు ట్రైలర్ కూడా అంతే. అయితే అందులో ధాన్యానికి బదులు పడక, చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి, కొన్నింటిలో మరుగుదొడ్డి ఉంటాయి. చేరిన చోట దానిని విప్పి నిలిపి, కారును వేరే పనులకు వాడుకోవచ్చు.

అమెరికాలో 1930లలోనే "కన్నీటి చుక్క" ఆకారంలో చిన్న ట్రైలర్లు వచ్చాయి. ఇద్దరు పడుకోవడానికి మాత్రమే లోపల చోటు. నిలబడడానికి వీలుండదు. వెనుక తలుపు పైకెత్తితే వంటగది కనిపిస్తుంది. పత్రికలలో వచ్చిన నమూనాలు చూసి చాలామంది వీటిని ఇంటి దగ్గరే తయారు చేసుకున్నారు.

1968లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో రే ఓలెకో అనే ఆయన "బోలర్" అనే ట్రైలర్‌ను తీసుకువచ్చారు. పొడవు 13 అడుగులు. ఫైబర్‌గ్లాసుతో పై సగం, కింది సగం విడిగా పోతపోసి, రెండింటినీ గుడ్డు పెంకుల్లా కలిపారు. బరువు సుమారు 450 కిలోలు. 1970ల ఆరంభం నుంచి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో "స్కాంప్" అనే ట్రైలర్లు ఇదే పద్ధతిలో తయారవుతున్నాయి.

(ఆ) గుణాలు

మొదటిది, బరువు తక్కువ. పెద్ద ట్రైలర్‌కు పెద్ద ట్రక్కు కావాలి. చిన్నదానిని ఒక మోస్తరు కారు కూడా లాగగలదు. అంటే ట్రైలర్ కోసం బండి మార్చవలసిన పని తప్పవచ్చు.

రెండవది, చోటు తక్కువ పడుతుంది. జాతీయ వనాలలోని పాత విడిది స్థలాలు చాలావాటిలో పొడవైన బండ్లకు అనుమతి ఉండదు. చిన్నది అక్కడ ఇముడుతుంది. ఇంటి దగ్గర కూడా కొందరు దీనిని కారు షెడ్డులోనే పెట్టుకుంటారు.

మూడవది, గుడారంతో పోలిస్తే సుఖం. వానకు తడవదు. నేల చలి తగలదు. రాత్రి ఏ వేళకు చేరినా పడక సిద్ధంగా ఉంటుంది.

నాలుగవది, ఫైబర్‌గ్లాసు రకాలలో అతుకులు తక్కువ. చెక్క చట్రం మీద రేకులు బిగించిన ట్రైలర్లలో అతుకుల గుండా నీరు దిగి, లోపలి చెక్క పైకి కనిపించకుండా కుళ్ళిపోతుంది. అతుకులు తక్కువైతే ఆ భయమూ తక్కువే.

(ఇ) దోషాలు

లోపలి ఇరుకు మొదటి దోషం. చాలావాటిలో భోజనం బల్లే రాత్రికి పడకగా మారుతుంది. ఒకరు నిద్రలేస్తే గాని మరొకరికి కాఫీ కాచుకోవడానికి చోటుండదు. వరుసగా మూడు రోజులు వాన పడితే ఇరుకు ఎంతో తెలిసివస్తుంది.

వెనక్కి నడపడం రెండవది. చిన్న ట్రైలర్ సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి ట్రైలర్ ఎంత పొట్టిదైతే అంత త్వరగా పక్కకు మెలి తిరుగుతుంది. పొడవైనది నిదానంగా తిరుగుతుంది కాబట్టి సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

మూడవది, గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. బరువు తక్కువైనా, ఎదుటి భాగం వెడల్పుగా, ఎత్తుగా ఉంటే పెట్రోలు ఎక్కువగానే ఖర్చవుతుంది. వేగానికి చట్టపరమైన పరిమితులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే కారు గంటకు 55 మైళ్ళు (సుమారు 88 కిలోమీటర్లు) మించకూడదు.

నాలుగవది, ఖర్చు. సంవత్సరంలో రెండు వారాలు తిరిగి, మిగిలిన యాభై వారాలూ నిలిపి ఉంచితే, టైర్లు ఎండకు పగులుతాయి, భీమా కట్టక తప్పదు, కొన్ని కాలనీలలో ఇంటి ముందు నిలపనివ్వరు కాబట్టి స్థలానికి అద్దె ఇవ్వాలి.

(ఈ) కాగితం మీది బరువు, రోడ్డు మీది బరువు

అసలైన విషయం ఇక్కడ ఉంది. అమ్మకందారు ఇచ్చే కరపత్రంలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఖాళీ బరువు. ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ ప్రయాణం చేయరు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం.

ఖాళీ ట్రైలర్: 680 కిలోలు
నీరు 75 లీటర్లు: 75 కిలోలు
నిండు గ్యాసు సిలిండరు: 17 కిలోలు
బ్యాటరీ: 25 కిలోలు
పరుపులు, దుప్పట్లు: 40 కిలోలు
వంటసామాను, తిండి పదార్థాలు: 60 కిలోలు
బట్టలు, కుర్చీలు, పనిముట్లు, అదనపు చక్రం: 83 కిలోలు
మొత్తం: 980 కిలోలు

మన కారు 900 కిలోల వరకు లాగగలదని దాని పుస్తకంలో రాసి ఉందనుకుందాం. కరపత్రం చూస్తే ఇంకా 220 కిలోల వెసులుబాటు ఉన్నట్లు కనిపిస్తుంది. రోడ్డెక్కేసరికి 80 కిలోలు మించిపోయింది. సమతలమైన రోడ్డు మీద ఈ తేడా తెలియకపోవచ్చు. కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు కారు బ్రేకులు రెండు బండ్ల బరువునూ ఆపవలసి వస్తుంది. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ట్రైలర్ 3000 పౌండ్లు (సుమారు 1360 కిలోలు) దాటితేనే దానికి సొంత బ్రేకులు తప్పనిసరి. అంతకన్నా తేలికైన వాటికి కొన్నిచోట్ల చట్టం అడగదు. చట్టం అడగనంత మాత్రాన అవసరం లేదని కాదు.

బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, ఎక్కడ ఉంది అన్నది మరో ప్రశ్న. ఎద్దుబండి తోలినవారికి ఇది చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ బండి వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది. అన్నీ ముందు వేస్తే ఎద్దుల మెడలు వంగిపోతాయి. ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండేలా సర్దితేనే బండి కుదురుగా నడుస్తుంది. ట్రైలర్ విషయంలోనూ అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. మన ఉదాహరణలో అది 98 నుంచి 147 కిలోలు. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ తోకలాగా అటూ ఇటూ ఊగుతుంది. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయకూడదు. స్టీరింగును అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి వేగం తగ్గనివ్వాలి.

కొక్కెం మీది బరువును కారు మోస్తుంది. కాబట్టి కారులో కూర్చున్న మనుషుల బరువుతో పాటు దీనినీ లెక్కలో కలపాలి.

పాఠంలోని ప్రశ్నలు 17.1

1. "బోలర్" ట్రైలర్ ఏ నగరంలో, ఏ సంవత్సరంలో వచ్చింది?
2. ఖాళీ పూరించండి: మొత్తం బరువులో ______ నుంచి ______ శాతం కొక్కెం మీద పడాలి.
3. తప్పో ఒప్పో చెప్పండి: పొట్టి ట్రైలర్‌ను వెనక్కి నడపడం పొడవైన దానికన్నా తేలిక.
4. పై పట్టికలోని ట్రైలర్‌లో నీరు నింపకుండా బయలుదేరితే మొత్తం బరువు ఎంత?

17.4 రెండు కుటుంబాలు

ఇప్పుడు ఇదే ట్రైలర్‌ను, ఇదే కారును రెండు కుటుంబాలతో సరిచూద్దాం. రెండూ ఊహించినవే.

మొదటిది మిన్నెసోటాలో ఉండే ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు. సంవత్సరంలో మూడు నెలలు తిరగాలని వారి కోరిక. ఇద్దరికి పడక చాలు. నీటిని విడిదికి చేరాక నింపుకుంటే 75 కిలోలు తగ్గుతాయి. కుర్చీలు, పనిముట్లలో అనవసరమైనవి 20 కిలోలు తీసేస్తే మొత్తం 885 కిలోలు. కారు లాగగలదు. ఇరుకు ఉంది. అయినా ఇద్దరే కనుక సర్దుకోగలరు. ఎక్కువ రోజులు వాడతారు కనుక ఖర్చు కూడా గిట్టుబాటవుతుంది. వీరికి గుణాలవైపు తూకం మొగ్గుతుంది.

రెండవది టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఊరినుంచి అత్తగారు, మామగారు ఆరు నెలలు ఉండేందుకు వచ్చారు. వారికి కొండలు, లోయలు చూపించాలని కోడలి ఆశ. ఆశ మంచిదే. కాని మనుషులు ఆరుగురు, కారులో సీట్లు అయిదు. పడకలు నలుగురికే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రాత్రి లేవాలంటే మరొకరిని దాటి దిగాలి. ఆమె "నాకేం ఇబ్బంది లేదమ్మా" అనే అంటుంది. ఆ మాటను లెక్కలో వేసుకోకూడదు. మోకాలిని వేసుకోవాలి. పైగా సెలవులు సంవత్సరానికి రెండు వారాలే. వీరు ట్రైలర్ కొనకుండా, పెద్ద బండి అద్దెకు తీసుకొని, విడిది గదుల్లో దిగడం మేలు. పిల్లల సరదా తీరాలంటే, అత్తమామలు ఊరికి వెళ్ళాక ఒక వారాంతం ట్రైలర్‌ను అద్దెకు తీసుకొని చూడవచ్చు.

వస్తువు మారలేదు. గుణాలు, దోషాలు మారలేదు. నిర్ణయం మాత్రం మారింది. దీనినిబట్టి మనకు తెలిసేదేమిటి? గుణాలు నాలుగు, దోషాలు మూడు అని లెక్కపెట్టి నిర్ణయించకూడదు. ఒక్కొక్కదానినీ మన అవసరం అనే తక్కెడలో తూచాలి. ఒక్క దోషమే మిగిలిన గుణాలన్నింటికన్నా బరువు తూగవచ్చు.

17.5 భాషాంశాలు

(అ) గుణదోషాలు, మంచిచెడ్డలు, లాభనష్టాలు, అత్తమామలు. ఈ పదాలలో రెండు నామవాచకాలకూ సమాన ప్రాధాన్యం ఉంది. గుణమూ దోషమూ = గుణదోషాలు. ఇవి ద్వంద్వ సమాసాలు. ఇటువంటివి మరో మూడు రాయండి.

(ఆ) ఎదురెదురు విషయాలను కలిపేటప్పుడు కాని, అయితే, అయినా వంటి మాటలు వాడతాం. "ఇరుకు ఉంది. అయినా సర్దుకోగలరు." "సర్దుకోగలరు. అయినా ఇరుకు ఉంది." ఈ రెండింటినీ పైకి చదవండి. రెండవ వాక్యంలో చెప్పిన విషయమే ఎక్కువ బరువుతో వినిపిస్తుంది. మీ వ్యాసంలో ఏది చివర రావాలో ఆలోచించి రాయండి.

17.6 మీరు నేర్చుకున్నవి

• చిన్న ట్రైలర్ తేలిక, చోటు తక్కువ పడుతుంది. ఇరుకు, గాలి అడ్డు, నిలిపి ఉంచే ఖర్చు దాని లోపాలు.
• ఖాళీ బరువు చూసి కాక, నిండు బరువు చూసి నిర్ణయించాలి.
• బరువు ఎంత అన్నదే కాక, ఎక్కడ ఉంది అన్నదీ ముఖ్యమే.
• వద్దనుకోవడం కూడా ఒక మంచి నిర్ణయం కావచ్చు.

17.7 పాఠాంత ప్రశ్నలు

1. కరపత్రంలోని బరువును నమ్మి ట్రైలర్ కొంటే కలిగే ప్రమాదాన్ని వివరించండి.
2. ఎద్దుబండికి, ట్రైలర్‌కు బరువు సర్దడంలో ఉన్న పోలికను రాయండి.
3. టెక్సాస్ కుటుంబానికి ఇచ్చిన సలహాతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
4. మీరు లేదా మీ ఇంటివారు త్వరలో కొనాలనుకుంటున్న ఒక వస్తువును తీసుకోండి. ప్రకటనలో చెప్పని ఖర్చులు మూడు రాయండి. ఆ తర్వాత 20 వాక్యాలలో దాని గుణదోషాలు రాసి, మీ నిర్ణయం తెలపండి.

17.8 పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. విన్నిపెగ్, 1968.
2. 10, 15.
3. తప్పు.
4. 905 కిలోలు. (కారు పరిమితి 900 కిలోలు. ఇంకా 5 కిలోలు ఎక్కువే ఉందని గమనించారా?)