సెల్‌ఫోనులో బాలలకు వేధింపు: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

శ్రీరాంపూర్ బొగ్గుగనుల చెంతనున్న నస్పూర్ 2018లో మునిసిపాలిటీయైనది. అచ్చటి గని కార్మికుని ఇంటనైనను, చుట్టుపట్ల రైతు ఇంటనైనను నేడు పిల్లల చేత సెల్‌ఫోను గలదు. పూర్వము తోటివారి ఎగతాళి బడిగంటతో ఆగిపోయెడిది. నేడది వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా పడకవరకు వెంటవచ్చుచున్నది. దీనినే సైబర్ వేధింపు అందురు.

మారుపేరుతో దుర్భాషలాడుట, ముఖచిత్రమును అసభ్యముగా మార్చి పంచుట, తరగతి గ్రూపులో ఒకరిని అవమానించుట, ఫొటో బయటపెట్టుదునని బెదిరించుట దీని రూపములు. చేసినవారు పరిహాసమందురు. కాని ఒకమారు పంపిన చిత్రమును మరల వెనుకకు తెచ్చుట దుస్సాధ్యము.

పిల్లలు దీనిని ఏల దాచుదురు? చెప్పినచో ఫోను లాగికొందురనియు, ఆడపిల్లయైనచో చదువు మాన్పింతురనియు భయము. వేధించినవాడు బడికి పోవుచుండగా బాధపడిన బాలిక ఇంట కూర్చుండుట న్యాయమా? నిద్రలేమి, బడికి పోననుట, ఫోను మ్రోగగనే ఉలికిపడుట మొదలగు గుర్తులు కనిపించినచో తల్లిదండ్రులు చీవాట్లు పెట్టక, మెల్లగా అడిగి తెలిసికొనవలెను.

ఇట్టి విషయము మన కడకు వచ్చినచో రచ్చబండపై పంచాయితీ పెట్టరాదు. నలుగురిలో విచారించుట ఆ బిడ్డకు రెండవ అవమానము. బాలలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినవారు 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపవలసినదే. రాజీ చేయు అధికారము మనకు లేదు. బిడ్డ పేరు బయటికి పొక్కనీయరాదు.

సందేశములను చెరిపివేయక, ఖాతా పేరు, తేదీలతో భద్రపరచవలెను. అశ్లీల చిత్రమును సాక్ష్యము పేర ఇతరులకు పంపరాదు. బాలల అట్టి చిత్రములను పంచుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరము. ఆపదలోనున్న బాలలకు 1098, మనోవ్యథకు టెలిమానస్ 14416 నంబర్లు గలవు. మంచిర్యాల జిల్లావారు రామగుండం కమిషనరేటు షీ టీములను ఆశ్రయింపవచ్చును. జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లోను ఫిర్యాదు చేయవచ్చును.

వేధించినవాడును పలుమారు బాలుడే. వానిని కొట్టి విడుచుటతో పని తీరదు. తాను చేసినది ఎట్టి గాయమో గురువులు, పెద్దలు తెలియజెప్పవలెను.

బావి బాగుచేయించుట, వీధిదీపము వేయించుట ఎట్లు మన పనియో, బిడ్డలకు ధైర్యమిచ్చుటయు అట్లే మన పని. ఈ నంబర్లను బడిగోడపైనను, పంచాయతీ కార్యాలయముననుు వ్రాయించి, రాబోవు గ్రామసభలో చదివి వినిపింతము.