కురుల వెనుక కథ

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో గారెట్ మోర్గన్ అనే నల్లజాతి మేధావి కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఉన్నిబట్టలు కుట్టేటప్పుడు సూది వేడెక్కి బట్ట మాడకుండా ఉండేందుకు అతడు ఒక ద్రవాన్ని తయారుచేయబూనాడు. చేతికంటిన ఆ ద్రవాన్ని ఒక ఉన్నిగుడ్డకు తుడవగా, దాని నూగు తిన్నగా సాగిందట. మొదట పొరుగింటి కుక్క బొచ్చు మీద, పిదప తన తల మీద ప్రయోగించి చూశాడని చెబుతారు. 1913 నాటికి అది కేశలేపనమై అంగళ్లకెక్కింది. పొగనుంచి కాపాడే ముసుగుకూ, ట్రాఫిక్ సిగ్నలుకూ పేటెంట్లు పొందినవాడు కూడా ఈ మోర్గనే.

నల్లజాతి స్త్రీలు ఇటువంటి లేపనాలను ఆదరించడానికి అలంకారప్రీతి ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. పుట్టుకతో వచ్చిన చుట్టల జుట్టుతో వెళ్తే బడిలో చిన్నచూపు, కొలువులో తిరస్కారం ఎదురయ్యేవి. జుట్టు తీరునుబట్టి వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ప్రత్యేకంగా శాసనం చేయవలసివచ్చిందంటే ఆ బాధ ఎంత లోతైనదో ఊహించవచ్చు. అందుకే ఎందరో తల్లులు పసిపిల్లలకు సైతం ఈ లేపనం పూసేవారు.

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో నిర్మితమైనది. అందులోని గంధకపు బంధాలు జుట్టు ఆకృతిని నిలిపి ఉంచుతాయి. సోడియం హైడ్రాక్సైడ్ వంటి తీవ్ర క్షారాలు ఆ బంధాలను తెంచి వెంట్రుకను తిన్నగా చేస్తాయి. ఆ క్రమంలో మాడు మండడం, పుండ్లు పడడం కద్దు. గాయపడిన చర్మం గుండా రసాయనాలు దేహంలోకి తేలికగా చొరబడతాయి. కేశసాధనాల్లో పరిమళం కోసమో, నిలువ కోసమో వాడే థాలేట్లు, పారాబెన్లు హార్మోన్ల పనిని తారుమారు చేయగలవని శాస్త్రజ్ఞుల సందేహం. గర్భాశయం హార్మోన్ల ఆజ్ఞకు లోబడి నడిచే అవయవం కనుక వారి దృష్టి సహజంగానే అటు మళ్లింది.

లేపనాలు వాడిన నల్లజాతి స్త్రీలలో గర్భాశయపు ఫైబ్రాయిడ్ గడ్డలు కొంత ఎక్కువగా కనిపించాయని 2012లో ఒక అధ్యయనం తెలిపింది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ప్రకటించిన ఫలితాలు మరింత కలవరం కలిగించాయి. వారు 35 నుంచి 74 ఏళ్ల వయసుగల 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించారు. వారిలో 378 మందికి గర్భాశయ క్యాన్సర్ సోకింది. జుట్టును తిన్నగా చేసే సాధనాలను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారికి ఆ ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది.

ఈ 'రెండున్నర రెట్లు' అనే మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. అసలు అంకెలు చూద్దాం. ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ల వయసు వచ్చేలోగా ఈ వ్యాధి సోకగలవారు 1.64 శాతం, తరచుగా వాడినవారిలో 4.05 శాతం. అంటే తరచుగా వాడిన నూరుగురిలో తొంభైఆరుగురికి రాదు. అట్లని తక్కిన నలుగురిని లెక్కలోంచి తీసివేయగలమా? రెండు మాటలూ నిజమే. పత్రికలు మొదటిదాన్నే పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాయి.

మరికొన్ని చిక్కులున్నాయి. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారందరూ రొమ్ము క్యాన్సర్ సోకిన స్త్రీల తోబుట్టువులు. వారు వాడిన సాధనాల పేర్లు గానీ, వాటిలోని రసాయనాల వివరాలు గానీ నమోదు కాలేదు. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తీర్పు చెప్పలేం. అయితే జుట్టు రంగులకూ గర్భాశయ క్యాన్సర్‌కూ అటువంటి సంబంధం ఆ అధ్యయనంలో కనిపించకపోవడం గమనార్హం. 2023లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నల్లజాతి స్త్రీలనే పరిశీలించగా, ఋతుక్రమం ఆగిపోయినవారిలో దీర్ఘకాల వాడకానికీ ఈ వ్యాధికీ సంబంధం కనిపించింది. అంతకన్న చిన్నవారిలో కనిపించలేదు.

మన నగరాల బ్యూటీ పార్లర్లలోనూ 'స్మూతెనింగ్', 'కెరాటిన్' అనే పేర్లతో జుట్టు సాగదీస్తున్నారు. ఈ కోవకు చెందిన కొన్ని ద్రవాలు ఇస్త్రీ వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువును వెలువరిస్తాయి. అది మానవులకు క్యాన్సర్ కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే నిర్ధారించింది. కూర్చున్నవారికే కాదు, దినమంతా ఆ ఆవిరి పీల్చే పార్లర్ ఉద్యోగినికీ అది తగులుతుంది. సీసా మీద ఆ పేరు ఉండకపోవచ్చు. రసాయనశాస్త్రం చదివేవారికి మాత్రం 'మిథిలీన్ గ్లైకాల్' అన్న మాట కనబడితే చాలు. నీటిలో కలిసిన ఫార్మాల్డిహైడ్‌కు అది మరో పేరు.