తెరమీది చుక్కలు

సంక్రాంతి దినములలో వాకిట ముగ్గు పెట్టునప్పుడు స్త్రీలు మొదట చుక్కలు పెట్టి, పిదప వానిని గీతలతో కలుపుదురు. ఏడు చుక్కల ముగ్గులో చిన్న పూవు మాత్రమే ఇముడును. ఇరువదియొక్క చుక్కల ముగ్గులో రథము, దాని చక్రములు, పైనున్న పతాకము కూడ పట్టును. చుక్కలు పెరిగినకొలది చిత్రమునందు సూక్ష్మమైన పని పెరుగును. కంప్యూటరు తెరమీద కనబడు బొమ్మయు ఇట్టి చుక్కల కూర్పే. ఒక్కొక్క చుక్కను పిక్సెలు అందురు. ముగ్గునకు గీతలు కావలెను గాని తెరకు గీతలతో పనిలేదు. చుక్కలే రంగులు ధరించి, ఒకదాని నొకటి అంటియుండి, కంటికి అఖండమైన చిత్రముగా తోచును.

హై డెఫినిషను అను తరగతి చిత్రమునందు అడ్డముగా 1,920, నిలువుగా 1,080, వెరసి 20,73,600 చుక్కలు కలవు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2012వ సంవత్సరమున అల్ట్రా హై డెఫినిషను చిత్రములకు ప్రమాణములను ప్రకటించినది. అందొక తరగతికి అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. వెరసి 82,94,400, అనగా మునుపటికి సరిగా నాలుగు రెట్లు. అడ్డపు చుక్కలు నాలుగువేలకు చేరువగా నుండుటచే దీనిని వాడుకలో 4కె అనుచున్నారు. యూట్యూబు 2010లోనే 4కె వీడియోలకు చోటిచ్చినది. నెట్‌ఫ్లిక్సు 2014లో వానిని ప్రసారము చేయ మొదలిడినది. నాటినుండి ఇట్టి చిత్రమును ఇంటర్నెట్టు ద్వారా ఇంటికే రప్పించుకొనుట సాధ్యమైనది. అయితే 4కె తెరను కొన్నంత మాత్రమున 4కె చిత్రము కనబడదు. ఈ సంగతి తెలియక వృథాగా ధనము వెచ్చించువారు పలువురు కలరు.

ఒక చుక్క రంగును తెలుపుటకు సాధారణముగా 24 బిట్లు కావలెను. సినిమాలో సెకనునకు 24 బొమ్మలు మారును. చిత్రమును ఉన్నదున్నట్లు పంపదలచినచో, 4కె తరగతికి సెకనునకు సుమారు 478 కోట్ల బిట్లను పంపవలసివచ్చును. కాని నెట్‌ఫ్లిక్సు వారు ఈ తరగతికి కావలెనని చెప్పు వేగము సెకనునకు 15 మెగాబిట్లు, అనగా ఒకటిన్నర కోటి బిట్లు మాత్రమే. మూడువందల పాళ్లలో ఒక పాలు మాత్రమే వచ్చి, తక్కినదంతయు ఏమైనట్లు?

పూర్వము తంతి పంపువారు మాటలను లెక్కించి రుసుము చెల్లించుచుండిరి. అందుచే కుశలప్రశ్నలన్నియు విడిచి, ‘తండ్రికి నలత, వెంటనే రమ్ము’ అని మాత్రము వ్రాసెడివారు. తక్కినది అందుకొన్నవాడే గ్రహించుకొనెడివాడు. వీడియోను పంపుటయందును ఇదియే నేర్పు. ఒక నటుడు గోడముందు నిలిచి మాటలాడుచున్నాడనుకొనుడు. గోడ కదలదు. కావున మొదటి బొమ్మను పూర్తిగా పంపి, తరువాతి బొమ్మలకు ‘గోడ యథాప్రకారము, పెదవులు మాత్రము ఇట్లు కదలినవి’ అని తెలిపిన చాలును. కన్ను పసిగట్టజాలని రంగుల భేదములను కూడ విడిచిపెట్టుదురు. వానచినుకులు, సముద్రపు అలలు, గాలికి ఊగు వరిచేను చూపవలసినప్పుడు మాత్రము ఈ పొదుపు అంతగా సాగదు. అచ్చట ప్రతిచుక్కయు కదలుచునే యుండును గదా!

ఈ సంక్షేప విధానములకు కోడెక్కులని పేరు. 2003లో హెచ్.264 అనునది వచ్చినది. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. ఇంచుమించు సగము బిట్లతోనే అంతటి స్పష్టతను ఇయ్యగలిగినది. 2018లో ఏ.వి.1 వెలువడినది. తంతిని చదివి విస్తరించి చెప్పువాడొకడు ఉండవలెను గదా. ఆ పని ఇంటిలోని కంప్యూటరుది. క్రొత్త యంత్రములలో దీనికొరకే ప్రత్యేకముగా చెక్కిన భాగముండును. అది శ్రమలేక చదివివేయును. ఆ భాగము లేని పాతయంత్రములో ఈ భారమంతయు ప్రధాన ప్రాసెసరుపై పడును. అప్పుడు లోపలి పంకా హోరుమని తిరుగును; చిత్రము తడబడుచు నడచును. ఒక కోడెక్కును చదువు భాగమున్నంతనే మరియొకదానిని కూడ చదువునని భ్రమింపరాదు.

ఇక తెచ్చు మార్గము. చెరువులో ఎంత నీరున్నను పొలమునకు వచ్చునది తూము ఇచ్చినంతయే. ఇంటర్నెట్టు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ఫైళ్ల పరిమాణమును మెగాబైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. సెకనునకు 15 మెగాబిట్ల చొప్పున గంటసేపు చూచినచో దాదాపు 6.75 గిగాబైట్లు ఖర్చగును. నెలకు ఇంత యని పరిమితి గల యింటివారు దీనిని ముందుగా ఎరిగియుండుట మేలు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జుల తరంగములు గోడలను కొంత సులభముగా దాటును గాని, ఇరుగుపొరుగువారి తరంగములతో రద్దీ పడును. 5 గిగాహెర్ట్జులవి వేగము గలవి గాని గోడలకు నీరసించును. కంప్యూటరునకు తీగను కలుపుట అన్నిటికంటె నమ్మకమైన పద్ధతి.

తూము సన్నగిలినను చిత్రము ఆగిపోదు. ప్రసారసంస్థలు ఒకే చిత్రమును పలు తరగతులలో సిద్ధపరచి, కొన్ని సెకనుల ముక్కలుగా కోసి యుంచును. వేగము తగ్గగానే తరువాతి ముక్క తక్కువ తరగతినుండి వచ్చును. చూచువానికి ఎవరును చెప్పరు. చిత్రము మెల్లగా మసకబారును, అంతే. లోపమెక్కడ నున్నను యంత్రము ఇట్లే మౌనము వహించును. చిక్కంతయు ఇందే కలదు.

2016వ సంవత్సరము చివర ఒక గృహస్థుడు 4కె తెరను, మంచి ఇంటర్నెట్టు మార్గమును సమకూర్చుకొని, నెట్‌ఫ్లిక్సులో ఎక్కువ చందా కట్టినాడనుకొనుడు. అతడు తన కంప్యూటరులో క్రోము బ్రౌజరును తెరచి సినిమా చూచుచున్నాడు. అతనికి వచ్చునది అడ్డముగా 1,280, నిలువుగా 720 చుక్కల చిత్రము. అనగా తాను మూల్యమిచ్చిన చుక్కలలో తొమ్మిదింట ఒకవంతు! తెరయు, మార్గమును నిర్దోషములే. అడ్డుపడినది తాళము.

సినిమాలను తీసినవారు తమ చిత్రములు దొంగతనముగా ప్రతులెత్తబడునని భయపడి, అత్యంత స్పష్టమైన ప్రతికి గట్టి తాళము వేయించిరి. 2016 నవంబరులో కంప్యూటరుమీద నెట్‌ఫ్లిక్సు 4కె మొదలైనప్పుడు విండోసు 10, ఎడ్జి బ్రౌజరు, ఇంటెల్ ఏడవ తరము ప్రాసెసరు, ఈ మూడును ఉండవలసివచ్చెను. తరువాత ఇతర యంత్రభాగములకును అనుమతి లభించినది. ఇంతేగాక, కంప్యూటరునుండి తెరకు పోవు తీగమీద హెచ్.డి.సి.పి. 2.2 అను మరియొక తాళము కలదు. కంప్యూటరు తెరను గుర్తు అడుగును. తెరగాని, నడుమనున్న పరికరముగాని సరియైన గుర్తు చెప్పలేనిచో ఆ తరగతి చిత్రమును విడువదు. కళాకారుల శ్రమకు రక్షణ ఉండవలసినదే. అయినను, ధర చెల్లించినవానిని వాకిట నిలిపి, కారణమైనను చెప్పని కాపలా మంచి కాపలా అనిపించుకొనదు.

లోపము ఎచ్చటనున్నదో కనిపెట్టుటకు ఒక సులభోపాయము కలదు. యూట్యూబులోని సాధారణ వీడియోలకు ఇట్టి తాళము లేదు. మొదట అచ్చట ఒక 4కె వీడియోను నడిపి, దానిపై మౌసు కుడిమీటను నొక్కి, గణాంకముల పలకను తెరువవలెను. వచ్చుచున్న చుక్కల సంఖ్యయు, జారిపోయిన బొమ్మల సంఖ్యయు అందు కనబడును. చుక్కలు తక్కువైనచో మార్గమును, బొమ్మలు జారుచున్నచో యంత్రమును అనుమానింపవలెను. రెండును సరిగానుండి, చందా సేవలో మాత్రమే చిత్రము మసకగా నున్నచో తాళము సంగతి చూచుకొనవలెను. తెరకు పోవు తీగను గూర్చి ఒక్కమాట: 2009లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 1.4 పద్ధతి 4కె తరగతిని సెకనునకు 30 బొమ్మల వరకే మోయగలదు. 2013 నాటి 2.0 పద్ధతి 60 బొమ్మలను మోయును.

అన్నియు అమరినపిమ్మట మిగిలినది చూచువాని కన్ను. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అరువదవ వంతుకంటె సన్నని కోణమును సాధారణముగా విడదీసి చూడజాలదు. 60 సెంటీమీటర్ల దూరమున ఇది సుమారు 0.17 మిల్లీమీటరు. 27 అంగుళముల కంప్యూటరు తెరమీద హై డెఫినిషను చుక్క 0.31 మిల్లీమీటరు; కావున దగ్గర కూర్చున్నవానికి చుక్క తెలియును. 4కె చుక్క 0.16 మిల్లీమీటరు మాత్రమే, తెలియదు. బల్లముందు కూర్చుండి చూచువానికి 4కె వలన నిజముగా లాభము కలదు. మూడు మీటర్ల దూరమున కన్ను విడదీయగల కొలత 0.87 మిల్లీమీటరు. 43 అంగుళముల తెరమీద హై డెఫినిషను చుక్కయే 0.5 మిల్లీమీటరు. అంత దూరమున మంచముమీద ఒరిగి సినిమా చూచు తాతగారికి ఆ రెండు తరగతుల చుక్కలలోని తేడా కనబడదు.